తల్లితొట్టిని వడకట్టినవాడు

పాలకొల్లు
జయ నామ సంవత్సర వైశాఖ శుద్ధ పంచమి

మన వంశంలో బుర్రున్న ఒకే ఒక్క మనిషివైన అక్క వీరవేణికి,

కాలువ కట్టేసి పన్నెండు రోజులైంది. నీలిరంగు వేసిన గుడ్డలు జాడించడానికి కడివెడు నీళ్లు లేవు. అయినా మన రంగులవాళ్లకి సిగ్గు లేదు. జాడించిన నీళ్లు కాలువలో పారబోస్తారు, ఆ కాలువలోనే చెలమ తవ్వుకుని తాగుతారు! పశువులు నయం, వాసన చూసి తల తిప్పుకుంటాయి.

రాజమండ్రి నుంచి తెప్పించిన చిన్న పుస్తకంలో ఉన్నట్టే మూడు కుండలు పేర్చాను. పైదాంట్లో కొబ్బరిచిప్పల బొగ్గు, మధ్యదాంట్లో గోదారి ఇసుక, అడుగుది ఖాళీ. నీలంగా పోసిన నీళ్లు తేటగా దిగాయి. వాటితోనే మళ్లీ ఆరు పంచెలు జాడించాను. అయ్య చూసి, "బానే ఉందిరా. తొట్టి జోలికి మాత్రం రాకు" అన్నాడు. అంతే! శభాష్ అనడానికి నోరు రాలేదు.

నీలిమందు కలిపే ఆ తల్లితొట్టి ముత్తాత నాటిదట. అందులో నీళ్లు ఎన్నడూ మార్చలేదట. కంపు కొడుతుంటే అయ్య దానికి పసుపు రాస్తాడు. దాని ముందు గట్టిగా మాట్లాడితే అలుగుతుందట. మురుక్కి అలకేంటక్కా? మురుగులోంచే వాంతిజబ్బు పుడుతుందని పుస్తకంలో అచ్చేసి ఉంటే, మనవాళ్లు దానికి దణ్ణం పెడతారు.

రేపు అయ్య సరుకుతో భీమవరం వెళ్తున్నాడు. తిరిగొచ్చేసరికి తొట్టంతా వడకట్టి, తేటనీళ్లలో కొత్త నీలిమందు కలిపి వీళ్ల నోళ్లు మూయిస్తాను.

మూర్ఖుల మధ్య ఒంటరివాడు,
సత్తియ్య


పాలకొల్లు
వైశాఖ శుద్ధ నవమి

అక్కా,

వడకట్టాను. అద్దంలా దిగాయి. నీలిమందు కలిపి గుడ్డ ముంచితే నీలంగానే వచ్చింది. జాడించగానే రంగంతా పోయి తెల్లగా మిగిలింది. అయ్య వేసినట్టే సున్నం వేశాను, తంటెపు గింజలు ఉడికించి పోశాను. లాభం లేదు.

పక్కింటి రత్తమ్మత్త తొంగి చూసి, "ఒరే పుస్తకాలోడా, ఆ కంపే కదరా నీలిమందుని కరిగించేది! తోడు పారబోసి పెరుగేదని వెతుకుతున్నావా?" అంది. ఊరందరినీ మూర్ఖులని తిట్టాను. పుట్టినప్పటి నుంచీ ఆ తొట్టి పక్కనే పెరిగిన నాకంటే పెద్ద మూర్ఖుడెవడు?

నిన్ను అత్తారింటికి పంపేటప్పుడు మన తొట్టి నీళ్లు ఓ కుండ నీ వెంట పంపారు. వాటితోనే కదా మీ తొట్టి లేచింది. ఒక్క కుండ పంపు. ఎల్లుండి అయ్య వస్తాడు. ఆ మొహం చూడలేను. కుండ రాకపోతే కాకినాడ పోయి రంగూను ఓడ ఎక్కుతాను.

సత్తియ్య


మాధవాయిపాలెం
వైశాఖ శుద్ధ దశమి

తమ్ముడికి, వీరవేణి చెబుతుంటే మరిది చిట్టియ్య రాస్తున్నది.

కుండ మీ బావ నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. రంగూనులో నీలాంటి తెలివైనవాళ్లకి కొరతేం లేదంట, కంగారుపడకు.

మా బావినీళ్లు ఉప్పన. కాలువ ఎండిపోయాక జాడించడానికి నీళ్లు లేక, గుడ్డలు అలాగే పడున్నాయి. నీ పుస్తకం మీద ఉమ్మేస్తానుగానీ, నీ కుండల మీద కాదు. బొగ్గు కాల్పించాను, ఇసుక పోయించాను. బావతో వచ్చి, జాడించిన నీళ్లే తేర్చి మళ్లీ వాడుకునేలా ముప్పై కుండలు పేర్చు. మా తొట్టి ఉన్న వైపు మాత్రం చూడకు.

అయ్యకి నీ నోటితో చెప్పాకే బయలుదేరు. చెప్పకుండా వచ్చావో, గుమ్మం ఎక్కనివ్వను.

నీ అక్క