ముఖం తిప్పుకొన్నందుకు సంజాయిషీ

వజ్రకరూరు

అమ్మా జయంతీ,

నీకు పెదనాయన ఆశీస్సులు. నిన్న వీడియో కాల్‌లో నీ ఎర్రని కళ్లు కనబడగానే మేమందరమూ ముఖాలు తిప్పుకొన్నాము. సర్ఫింగ్ నేర్వడానికి గోవా వెళ్లినందుకు మాకింకా కోపమేననుకొని, పోటీ మానుకొని వచ్చేస్తానని మెసేజ్ పెట్టినావు. తల్లీ, అది కోపం కాదు, భయం. కండ్లకలక వచ్చినవారిని చూస్తే చూసినవారికీ వస్తుందని మన ఇంటి నమ్మకం. "అట్ల చూడొద్దు బావా, అంటుకుంటాది!" అని మీ అమ్మ ఫోనుకు కొంగు కప్పింది. ఇన్ని శాస్త్రాలు చదివిన నేనూ గట్టిగా కళ్లు మూసుకొన్నాను.

అది ఉప్పునీటికీ ఎండకీ పుట్టిన మంట అని నీ మెసేజ్ రెండవసారి చదివితే గాని మా తలకెక్కలేదు. పాలకడలి చిలికిన దేవతలకు రెప్పపాటే లేదు గదా, వారి కళ్లు ఎంత మండినవో ఏ పురాణమూ చెప్పలేదు. నీకు రెప్పలున్నవి, వాడుకో. ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో కడుక్కో, నలుపుకోవద్దు. ఎరుపు తగ్గకుంటే కంటి డాక్టరుకు చూపించు.

పోటీ మాత్రం మానవద్దు. ఆదివారం ఫోను చెయ్యి. మీ అమ్మ ఉరవకొండలో కొన్న నల్లద్దాలు పెట్టుకొని నీ ఎదుట కూర్చుంటుంది. ఇంకా భయమేనా అని ఆటపట్టించకు. నీ మెసేజ్ చదివినప్పటి నుంచి, సముద్రం మాట దేవుడెరుగు, చెరువులో కూడా చుక్క నీరు లేని ఈ ఊరిలో, ఆమె కళ్లు నీ కళ్లకంటే ఎర్రగా ఉన్నవి.

నీ మేలుకోరే
పెదనాయన