అన్నయ్య చేతులు

వదినకు,

మీ మరిది నమస్కరించి రాసేది. అన్నయ్య పోయాక మన చిట్టి పరిగెత్తే మొదటి పందెం కదా అని దాని బూట్ల మీద అన్నయ్య ముఖం గీశాను. "కాళ్లకు తొడుక్కునేదాని మీద మీ అన్నయ్య ముఖమా?" అని మీరు ఫోన్ పెట్టేశారు. మీ కోపం న్యాయమే. రంగుల ధ్యాసలో నాకది తట్టలేదు. చేతులాడకపోయినా ఆ ముఖం తుడిచేశాను.

ఇప్పుడు లేసులకు అటూ ఇటూ అన్నయ్య చేతులు వేశాను. ప్రతి పందెం ముందూ మోకాళ్ల మీద కూర్చుని, "ఇంకో ముడి వెయ్యనీ తల్లీ, ఊడితే పడతావు" అనేవాడుగా. ఆ చేతులకు దాని పాదాలు కొత్త కాదు. చిన్నప్పుడు తలుపులో నలిగిన అన్నయ్య గోరు నల్లగానే ఉంచాను.

లేసులు ఎక్కించాను గానీ కట్టలేదు. శనివారం కోపంతోనైనా సరే, మైదానానికి రండి. రెండో ముడి మర్చిపోకండి.

మీ మరిది