చిక్కిపోని ఇరవై గొర్రెపిల్లలు

పెనుకొండ,
12-6-1961

శ్రీయుత పరిశోధనాధికారి గారి సముఖమునకు,
గొర్రెల జబ్బుల పరిశోధన శిబిరం.

పెనుకొండ తాలూకా, కురుబ పోతులయ్య కుమారుడు నరసప్ప, వయస్సు 18, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శిబిరంలో పనిచేసినందుకు తాము ఇస్తామన్న యోగ్యతా పత్రం నిలిపివేసిన సంగతి గురించి.

1. నేను హిందూపురంలో హైస్కూలు, అనంతపురంలో పి.యు.సి. ముగించి తిరుపతి పశువైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టుకున్నాను. మార్కులు అంతంతమాత్రం. తమ శిబిరంలో మూడు నెలలు పనిచేసినట్టు పత్రం ఒక్కటే నాకు దిక్కు. ఇంటర్వ్యూ 19వ తేదీన. 18న ధర్మవరంలో పాకాల బండి ఎక్కకపోతే నా చదువు ఇంతటితో సరి.

2. గొర్రెల కడుపులోని పురుగులకు పోసే మందు పరీక్షకు మా నాయన తన మందలోని నలభై పిల్లలను, మా దొడ్డిలోనే ఉంచి, శిబిరానికి ఒప్పగించినాడు. ఇరవైకి మందు పోయవలెను. తక్కిన ఇరవైకి పోయక, అవి ఎంత చిక్కిపోతాయో నేను వారం వారం తూచి రిజిస్టరులో వ్రాయవలెను. తూకంలో నా వైపు ఒక్క వారం కూడా లోపం లేదు.

3. పన్నెండో వారానికి నలభై పిల్లలూ ఒకే తీరుగా బలిసినవి. మందు పనిచేయదని నివేదిక పంపబోతూండగా, మందు ముట్టని పిల్లల తోకల దగ్గర ఉన్ని ఎర్రబడినట్టు తమరు కనిపెట్టినారు. ఈ మందు తాగిన గొర్రె మూత్రం ఎర్రబడుతుందని శిబిరంలో అందరికీ తెలుసు. అంతట, సదరు ఇరవై పిల్లలు ఏ కారణం చేత చిక్కిపోలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెనని నాకు మెమో వచ్చినది. గొర్రె బాగుపడినందుకు సంజాయిషీ ఎట్లా వ్రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను.

4. శిబిరం వారు మా ఇంట ఉంచిన సీసాలోని మందు పోసినది మా అవ్వ ఈరక్క. మా వాళ్లలో మందకు పసరు పోసినా పొగ వేసినా దొడ్డిలోని చివరి పిల్ల దాకా చేస్తారు. ఒక్కదానిని వదిలినా మందకు కీడని నమ్మకం. పరీక్ష సంగతి విన్ననాడే ఆమె, "ఒగ దొడ్లో పెట్టుకోని సగానికి మందు, సగానికి సావా? ఇదేం సదువప్పా?" అని నన్ను నిలదీసినది. ఆమె వృద్ధురాలు, చదువురానిది. ఆమె ఒప్పుకోలు వేలిముద్రతో ఇదివరకే దాఖలు చేయడమైనది.

కావున నా వల్ల తప్పు లేదని గ్రహించి, 18వ తేదీలోగా పత్రం ఇప్పించి, ఈ బీదవాని మొర చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
కురుబ నరసప్ప

తా.క.: అయ్యా, నాలుగో అంశం అబద్ధం. మందు పోసింది నేనే.

మూడో వారానికి మందు లేని పిల్ల ఒకటి దవడ కింద నీరు దిగి లేవలేకపోయింది. దాని బరువు వ్రాసుకున్నాను. తర్వాత ఉండబట్టలేక దానికొక్కదానికే పోద్దామనుకున్నాను. పోశాక మిగతా పంతొమ్మిదింటినీ వదలలేకపోయాను. నా పని వల్ల పనికొచ్చే మందు పనికిరానిదై పోబోయింది. అది తెలిసీ నోరు మెదపలేదు.

ముసలామె మీద పెడితే తేలిపోతుందని కంపౌండరు నాగభూషణం గారు సలహా చెప్పారు. నేనే కాగితం వ్రాసి అవ్వకు చదివి వినిపించాను. "నేనే పోసినానని రాసుకోప్పా. నేనేమన్నా సదువుకు పోతాండానా?" అని వేలు చాపింది. నాకు సిగ్గుగా ఉంది.

పైన వ్రాసింది కొట్టివేయడానికి చేయి రాలేదు, అట్లాగే పంపడానికి మనసొప్పలేదు. పత్రం ఇచ్చేదీ లేనిదీ తమ దయ. అవ్వ వేలిముద్ర కాగితం మాత్రం ఫైలులో నుంచి తీసివేయండి.

రేపు నేను డాక్టరునైనా, మందు లేని పిల్ల కళ్ల ముందు పడిపోతే పోయకుండా ఉంటానని మాట ఇవ్వలేను. ఆ సంగతి పత్రంలో వ్రాసి ఇచ్చినా తీసుకుంటాను.