పై గదికి స్పీకర్లు

తిరుమలగిరి,
14 జూలై 2019

శ్రీ దివాకర్ గారికి,

స్వరూప నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అమ్మ, నేను బాగున్నాము. అక్కడ మీరు, మీ స్పీకర్లు, వాటికి పోగా మిగిలిన కొద్దిపాటి ఇల్లు క్షేమమని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని కవరు తిప్పి తిప్పి చూస్తుంటారు. కారణం ఉంది, చివర రాస్తాను. ముందే చివరికి పోకండి. మీకు ఆ అలవాటు ఉంది. స్పీకర్ల కిట్టు డబ్బా విప్పగానే అందులోని కాగితం చదవకుండా స్క్రూలు బిగించడం మొదలుపెడతారు.

ఇక్కడ అందరిదీ ఒకటే ప్రశ్న. పెళ్లయిన ఐదేళ్లకు కొత్త పెళ్లికూతురిలా ఆషాఢానికి పుట్టింటికి వచ్చావేమిటని. పక్కింటి జానమ్మ అయితే రోజూ అడుగుతుంది. మా ఇంటాయన దేవరకొండలో ఇంట్లోనే సినిమా హాలు కడుతున్నాడు, నాకు కూర్చునే జాగా లేక వచ్చానని చెప్పాను. ఆమె నిజమే అనుకుని టికెట్టు ఎంతని అడిగింది.

మీరు పంపిన మూడు కిట్ల ఫొటోలూ చూశాను. నిలువెత్తు టవర్లు మనకు వద్దు. మన పై గదిలో అవి నిలబడితే ఇంటికి ఇద్దరు పోలీసులు వచ్చినట్టుంటుంది. పెద్ద వూఫర్ కిట్టు మీకు ఇష్టమని తెలుసు. గుండెల మీద గుద్దినట్టు మోగేది పెళ్లి బరాత్‌కు చాలు, ఇంట్లో ఎందుకు? నాకు నచ్చింది మొదటిది. చిన్న డబ్బాలు, మధ్యలో మాటల కోసం వేరే స్పీకరు. సినిమాలో ఎవరేమన్నారో తెలియకపోతే ఇక చూసేదేమిటి? చెక్క ముక్కలు కోసే ఇస్తారు కాబట్టి జిగురు పెట్టి బిగించడం మీకు ఒక ఆదివారం పని. పాలిష్ నేను వేస్తాను. నల్లరంగు మాత్రం వద్దు, చెక్క చెక్కలాగే కనిపించాలి.

అయితే కిట్టు ఇప్పుడే తెప్పించకండి. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు.

నిన్న మధ్యాహ్నం ఇక్కడ వాన పడింది. అమ్మ మగ్గం దిగి టీ పెట్టడానికి పోయింది. నేను చాప మీద ఒరిగాను. కళ్లు మూతపడగానే మన పై గదిలో ఇద్దరం కూర్చున్నట్టు కల వచ్చింది. కిటికీలకు పరదాలు వేసి ఉన్నాయి, ఎదురుగా గోడంత తెర. తెర మీద బొమ్మ ఏమీ లేదు, వాన ఒక్కటే. ముందు ఎడమ మూలన చినుకులు, తర్వాత మన వెనక, తర్వాత నెత్తి మీద రేకుల మీద. ఇంతలో పావురం ఒకటి రెక్కలు కొట్టుకుంటూ ఒక గోడలోనుంచి ఇంకో గోడలోకి ఎగిరిపోయింది. కంటికి కనిపించలేదు, చప్పుడే పోయింది. గది చల్లగా, తడిమట్టి వాసనతో, ఎంత బాగుందో. నేను పావురం పోయిన వైపు తిరిగాను. మీరు తిరగలేదు. నా ముఖం చూసి, నేను ఎటు తిరిగానో కనిపెట్టి, అప్పుడు తిరిగారు. అక్కడికి మెలకువ వచ్చింది.

లేచి అమ్మకు చెప్పాను. పోయినసారి తెచ్చిన కిట్టులో ట్వీటరు, అదే సన్నని చప్పుళ్ల చిన్న స్పీకరు, పలకడం లేదని మీరు రెండుసార్లు హైదరాబాద్ షాపుకు వాపసు పంపిన సంగతి కూడా చెప్పాను. అది పలుకుతూనే ఉండింది. ఆ సన్నని గొంతు నా చెవుల్లో సూదిలా గుచ్చుకునేది. మీ అంతటి మనిషి పలకడం లేదంటుంటే నాకే తెలియదేమో అనుకుని ఊరుకున్నాను.

అమ్మ నా చేతికి టీ ఇచ్చింది. తర్వాత మా బాపు సంగతి తీసింది. నాన్న వయసంతా షోలాపూర్‌లో పవర్‌లూమ్ మగ్గాల మోత నడుమ గడిచింది కదా. "నేనేం చెప్పినా 'ఆ' అనేటోడు బిడ్డా. నన్ను లెక్కచేస్తలేడని ఏడాది పొడుగూత ఏడ్చిన. ఆయన చెవులు మగ్గాలు తిన్నయని తర్వాత ఎరుకైంది," అన్నది.

మీరు పదిహేనేళ్ల వయసు నుంచి స్పీకరు డబ్బాల పక్కనే నిలబడ్డారు. పెళ్లిళ్లు, బోనాలు, వినాయకుడి ఊరేగింపులు, అన్నింటికీ మీ మైకుసెట్టే. ఊరందరికీ వినిపించాలని మీ చెవులు ఖర్చు పెట్టారు. చెవిటివాడి ముందు శంఖమని సామెత ఒకటి నోటిదాకా వచ్చింది గానీ, మీ మీద వాడబుద్ధి కాక మింగేశాను.

మీ భయం నాకు తెలుసు. మైకుసెట్టు దివాకర్‌కు చెముడంట అంటే ఆర్డర్లు పోతాయని. కళ్లద్దాలు పెట్టుకుని బట్టలు కుట్టే దర్జీని చూసి ఎవరు నవ్వుతున్నారు? నల్గొండలో చెవుల డాక్టరు దగ్గర బేస్తవారానికి పేరు రాయించాను. మీరు దేవరకొండ నుంచి రండి, నేను ఇక్కడ నుంచి వస్తాను. బస్టాండులో టీకొట్టు దగ్గర కలుద్దాం. చెవులు చూపించుకోకుండా స్పీకర్లు ఎంచుకోవడం కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే. డాక్టరు ఏం చెప్పినా, ఆ తర్వాత కిట్టు ఇద్దరం కలిసే తెచ్చుకుందాం.

పొయ్యి మీద పాలు పెట్టి పైకి పోకండి. పొంగిన చప్పుడు కూడా మీకు వినపడటం లేదని నాకిప్పుడు అర్థమవుతోంది. ఇన్నాళ్లూ గిన్నెలు మాడినందుకు మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

కోపం ముప్పాతిక తగ్గిన
మీ స్వరూప

మరొక మాట: నేను అలిగి వచ్చింది స్పీకర్ల మీద కాదు. వచ్చే ముందు రోజు మీరు పై గదిలో అటు తిరిగి వైర్లు కలుపుతుంటే వెనక నిలబడి, "గీ మాట జర ఇనుండ్రి. మన ఇంటికి ఇంకో మనిషి రావట్టె," అన్నాను. మీరు తిరగకుండానే, "ఆ, గా పట్కారు ఇటియ్యి," అన్నారు. ఐదేళ్లు ఎదురుచూసిన మాటకు పట్కారు అడిగారని ఏడ్చుకుంటూ మర్నాడు బస్సెక్కాను. మొన్న ఫోనులో మళ్లీ చెప్పాను. సరే సరే, పై గది గోడలకు ప్లైవుడ్ వచ్చిందన్నారు. అందుకే ఈ ఉత్తరం. నాకు మూడో నెల. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీకే మొదట చెప్పాను, మీకే ఇంకా తెలియదు. బేస్తవారం తప్పక రండి. రేపు బిడ్డ ఏడిస్తే ముందు లేవాల్సింది మీరే, వినపడలేదంటే ఒప్పుకోను.