ముందు సీటు

కాంచనా,

పాలు నేనే కాచినాను, కొంచెం అడుగంటినాయి. అమ్మకి ఎనిమిదింటి మందు మరిచిపోవద్దు.

కార్ల ఊరేగింపు పెట్టి, చందాలెత్తి, ఆసుపత్రిలో ఆడోళ్ళ వార్డు కట్టిద్దామని మొదట అన్నది నువ్వే. పన్నెండు కార్లకీ జెండాలు కుట్టింది నువ్వే. తిరుత్తణి దాకా నా పక్కన కూర్చోవాల్సిందీ నువ్వే. నిన్న తాసిల్దారుగారి ఇంటామె ఆ సీటు అడిగితే కాదనలేక ఇచ్చేసినాను. నీకు చెప్పే ధైర్యం లేక, నిన్ను లేపకుండా పోతా ఉండాను. చక్రాల కింద నిమ్మకాయలు కూడా నేనే పెట్టుకున్నాను.

తొమ్మిదింటికి కార్లన్నీ మన వీధిలోనే పోతాయి.

దామోదరం

ఇంకొక మాట. వాకిట్లో నిలబడితే నిలబడు. ఈ రోజు కోసమని ఇస్త్రీ చేసి పెట్టుకున్న ఆ పచ్చచీర మాత్రం కట్టుకోవద్దు. అట్లా నిన్ను చూస్తే నేను కారు తోలలేను.