వేలంపాట మధ్యలో మామ అడిగిన మాట

మదనపల్లె

నాయనా, తప్పు చేసింది ఈరప్ప మామ, నేను క్షేమమే. ఫోనులో గొంతు పెరుగుతుందని కార్డు రాస్తున్నాను. వేరే పని వెతుకుతున్న సంగతి బయట చెప్పొద్దన్నాను కదా, మన ఊరి టమోటాలన్నీ నేను పనిచేసే మండీకే వస్తాయని. నిన్న వేలంపాట మధ్యలో, మా ఓనరు పక్కనుండగానే మామ, "ఏమప్పా, కుప్పం పాలకేంద్రంలో పని ఖాయమాయనా?" అని అడిగేశాడు.

ఓనరు, "పుంగనూరులో పెండ్లని కదప్పా లీవు అడిగితివి, పెండ్లికూతురు కుప్పానికి యాల పోయింది?" అన్నాడు. అందరూ నవ్వారు.

కోపం దిగాక ఆలోచించాను. వేలమయ్యాక ఓనరు రైతు దగ్గర పైసా ఇవ్వకుండా ఊరికే తీసుకునే టమోటా క్రేట్లను చూడలేకే నేను మండీ వదలాలనుకున్నది. ఇట్లా తీసుకోకూడదని రైతు సంఘాలు పంచిన అన్ని కరపత్రాలు చదివి కూడా, ఆ మాట మింగి పెండ్లి సాకు చెప్పాను. కుప్పం వాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు. ఈ పని పోతే కొన్నాళ్లు ఇంటికి ఏమీ పంపలేను, ఓర్చుకోండి.

అమ్మ మోకాలు ఎట్లుంది? గొర్రెలకు టీకా వేయించారా? అశ్వినిని చదువు మానొద్దని చెప్పండి. మామను తిట్టొద్దు.

వచ్చే సోమవారం పొద్దున ఆరు గంటలకు, వేలం మొదలయ్యేలోపు, మామతో సహా మన ఊరి రైతులందరూ మండీ ముందుకు రండి. క్రేట్ల మాట ఓనరుకు మీ ఎదుటే చెబుతాను.

లోకనాథ్