చిన్నప్పుడు దీన్ని ఏమని పిలిచేవారు?

జూన్ 3, మంగళవారం

ఇవాళ్టి నుంచి బెడ్ రెస్ట్. బాత్రూముకు తప్ప మంచం దిగకూడదని డాక్టరమ్మ మా ఆయనకు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, నాకు మాత్రం చెప్పలేదు. ఆరో నెల. బీపీ ఎక్కువ, మాయ కిందికి ఉంది. రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురావాలట.

చేసేదేమీ లేదు కాబట్టి ఈ డైరీ. పడుకుంటే కనిపించేవి రాస్తాను. ఎడమ గోడకు నల్లదున్న, ఇస్త్రీపెట్టె, ఒక వరస ఇటుకలు. కాళ్ళ వైపు మూకుళ్ళు. తలుపు వెనక ర్యాక్ నిండా వైర్లు, కంట్రోలర్లు, పేరు లేని డబ్బాలు. కిటికీ సగం మూసేసి ఇంకో ర్యాక్. అన్నీ పాత వీడియో గేమ్ మెషిన్లే. మా ఆయన గేమ్ పార్లర్ మూతపడ్డాక సరుకంతా వచ్చి మా పడకగదిలో పడింది.

ఒక్కదాన్నీ కంపెనీ పేరుతో పిలవడు. నల్లగా, అన్నిటికంటే లావుగా ఉన్నది నల్లదున్న. గంట ఆడితే చెయ్యి కాల్చేది ఇస్త్రీపెట్టె. చేత్తో పట్టుకుని ఆడే బరువైనవి ఇటుకలు. గుండ్రటి మూత తెరిచి డిస్క్ వేసేది మూకుడు. పెళ్ళైన కొత్తలో ఆ మూకుడు అందుకో అంటే నేను వంటింట్లోకి వెళ్ళాను.

అన్నిటికంటే ముసలిది దగ్గుతాత. క్యాసెట్ తీసి ఊది, మళ్ళీ పెట్టి స్విచ్ వేస్తే ఖళ్ళు ఖళ్ళుమని చప్పుడు చేశాక గానీ బొమ్మ రాదు. రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ దాని ముందు నిలబడి, ఏం తాతా దగ్గు తగ్గిందా అని మెల్లగా అడుగుతాడు. నా సంగతి అడిగేది ఆ తర్వాత.

జూన్ 5, గురువారం

పైనింటి నర్సు వచ్చి బీపీ చూసింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. తలుపు సగమే తెరుచుకుంటుంది, వెనక ర్యాక్ అడ్డం. రెండు చేతులూ చాచి సందు కొలిచి, ఇందులోంచి స్ట్రెచర్ రాదు అంది.

అంత అవసరం పడితే నేనే ఎత్తుకెళ్తాను అన్నాడు మా ఆయన. నర్సు నన్నొకసారి చూసింది, ఆయన్నొకసారి చూసింది. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

హాల్లో పడుకుందామంటే అక్కడ ఆయన రిపేరు బల్ల. జనాల మిక్సీలు, టీవీలు, సోల్డరింగ్ పొగ. ఆ పొగ నా దరిదాపులకు రాకూడదు. బల్ల తీసేస్తే తిండి ఉండదు. కాబట్టి నేను ఇక్కడే.

జూన్ 6, శుక్రవారం

అమ్మకానికి ప్రకటన ఏడాది నుంచీ ఉంది, అది మెచ్చుకోవాలి. ఆన్‌లైన్‌లో దగ్గుతాత ఫొటో పెట్టాడు. సరుకంతా కలిపే ఇస్తాడట, విడివిడిగా ఇవ్వడట. కింద ఒక ప్రశ్న. చిన్నప్పుడు దీన్ని ఏమని పిలిచేవారు? సరైన పేరు చెప్పినవాళ్ళకే అమ్ముతాడు.

ఎవరింట్లో ఏ పేరు పెట్టుకుంటారో ఎవరికి తెలుసు. పరీక్ష పెట్టి పాత సామాను అమ్మే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. కట్టుకున్నాను, చూస్తున్నాను.

జూన్ 9, సోమవారం

ఇవాళ రెండు బేరాలు వచ్చాయి, రెండూ పోయాయి. మొదటాయన బ్యాంకు క్లర్కు. మేం టీవీ డబ్బా అనేవాళ్ళం అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. సబ్బుపెట్టె అని కూడా అనేవాళ్ళం అన్నాడు ఆశగా. లాభం లేదు.

తర్వాత ఒక జంట. ఆవిడ దగ్గుతాతను చూడగానే నవ్వేసి, మా ఇంట్లో దీని పేరు ముట్టుకోకు అంది. వాళ్ళన్నయ్య దాన్ని ఆవిడ చేతికి ఒక్కసారీ ఇవ్వలేదట. అది ముట్టుకోకు అనడమే వినీ వినీ, అదే దాని పేరనుకుందట. నేనైతే అక్కడికక్కడే ఇచ్చేసేదాన్ని. ఈయన ఏమీ అనుకోకండి అని గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. ఒళ్ళు మండింది.

జూన్ 12, గురువారం

సీలింగ్ మీద మరక నిన్నటికంటే పెద్దదైంది. లేదా నాకు పిచ్చెక్కుతోంది.

జూన్ 14, శనివారం

నిన్న రక్తం కనిపించింది. కొంచెమే.

అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ హాల్లోనే ఆపేశారు. నేను పొట్ట పట్టుకుని, పక్కకి తిరిగి, ర్యాక్‌కీ తలుపుకీ మధ్య నుంచి నడిచి వెళ్ళాను. ఇనుప కమ్మీ నడుముకి గీరుకుంది. ఒక్కో అడుగుకీ ఇప్పుడు ఏం జారిపోతుందో అని ప్రాణం పోయింది. ఇంకోసారి ఇలా నడిస్తే నేను దక్కినా బిడ్డ దక్కదని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది.

ఇవాళ తిరిగి పంపారు. రేపు ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చేస్తాను, ఒట్టు అన్నాడు మా ఆయన. నమ్మాను.

జూన్ 16, సోమవారం

నిన్న లిఫ్టు మెకానిక్ ఒకతను వచ్చాడు. మంచివాడు. మొత్తం తీసుకుంటాను, ఇప్పుడే లారీ పిలుస్తాను అన్నాడు. మా ఆయన తెరిచిన నోరు మూశాడు, మళ్ళీ తెరిచాడు, ఆ ప్రశ్నే అడిగాడు. క్యాసెట్ పెట్టె అన్నాడతను. పంపించేశాడు.

చేతికందిన కంట్రోలర్ తీసి విసిరాను. గురి లేదు, గోడకు తగిలింది. నా ముఖం చూడలేక హాల్లోకి వెళ్ళి మిక్సీ విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ తాతతోనే కాపురం చెయ్యి అని అరిచాను. ఈ మనిషి మొండితనానికి నా బిడ్డను బలిపెట్టను.

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం

ఆయన ఫోన్ ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడు. మోగితే ఎత్తాను.

పళ్ళ డాక్టరట. తన క్లినిక్‌లో కుర్చీ చూస్తేనే పిల్లలు ఏడుస్తున్నారట, బయట కూర్చున్నంతసేపు ఆడుకోవడానికి పాత మెషిన్లు కావాలట. ఏది ఏదో తనకు తెలియదట, చిన్నప్పుడు చదువు తప్ప ఏమీ ఆడలేదట. నిజం చెప్పేస్తున్నాడు పాపం. ఈయన పరీక్షకు ఇలాంటివాడు ఒక్క నిమిషం నిలబడడు.

చెప్పేశాను. దగ్గుతాత అనండి అన్నాను. మీకెలా తెలుసని అడిగితే స్నేహితుడొకడు అలా అనేవాడని చెప్పండి అన్నాను. నేను చెప్పానని మాత్రం నోరు జారకండి అన్నాను. తర్వాత ఆ కాల్ చెరిపేశాను.

జూన్ 19, గురువారం

పళ్ళ డాక్టరు రేపు వస్తాడు. నాకు ఆకలి తిరిగొచ్చింది.

జూన్ 20, శుక్రవారం, సాయంత్రం

వచ్చాడు. వ్యాను కూడా తెచ్చుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి నిద్ర నటించాను. మా ఆయన ప్రశ్న అడిగాడు. పళ్ళ డాక్టరు కాసేపు ఆలోచించినట్టు చేసి, దగ్గుతాత అనేవాళ్ళం కదండీ అన్నాడు. బాగానే చెప్పాడు.

మా ఆయన ర్యాక్ పట్టుకున్నట్టున్నాడు, వైర్లు కదిలిన చప్పుడైంది. మీకెవరు చెప్పారు అని అడిగాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. స్నేహితుడొకడు అనేవాడండీ అన్నాడు పళ్ళ డాక్టరు, నేను నేర్పినట్టే. సన్నగా ఉంటాడా, ఎడమ కనుబొమ్మ మీద గాటుంటుందా అని మా ఆయన అడిగాడు. పళ్ళ డాక్టరు మొహమాటస్తుడు. కాదనలేక, ఆ, ఉన్నట్టే గుర్తు అన్నాడు.

ఆ గాటు సంగతేమిటో నాకు అర్థం కాలేదు. గంటలో వ్యాను నిండింది. దగ్గుతాతను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా మా ఆయనే తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి ముందు సీట్లో పెట్టాడు.

జూన్ 21, శనివారం

తలుపు పూర్తిగా తెరిస్తే గోడకు తగులుతుంది. ఆ చప్పుడు వినడానికే నాలుగైదుసార్లు తెరిపించుకున్నాను. కిటికీ మొత్తం మాదే. గాలి వస్తోంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

మా ఆయన మంచం అంచున కూర్చుని చెప్పాడు. నాకొక మరిది ఉన్నాడని తెలుసు. పార్లర్‌లో కస్టమర్లందరి ముందు ఈయన నువ్వు దేనికీ పనికిరావు పొమ్మన్నాడనీ, అతను తాళాలు కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడనీ, నంబరు మార్చేశాడనీ, ఏళ్ళు గడిచినా కబురు లేదనీ తెలుసు. అది నా పెళ్ళికి ముందు మాట. ఆ ఊసెత్తితే ఈయనకు ముద్ద దిగదు, అందుకని ఎత్తను.

తెలియంది ఇది. వీళ్ళ తాతకు విపరీతమైన దగ్గట, కోపం అంతకంటే ఎక్కువట. మెషిన్‌కి ఆయన పేరు పెట్టారని తెలిస్తే వీపులు చిట్లేవి. అందుకని అన్నదమ్ములిద్దరూ దుప్పటి కింద తప్ప ఆ పేరు పలికేవాళ్ళు కాదు. పార్లర్‌లో కూడా దాన్ని ఒకటో నంబరు అనేవాళ్ళు. ఆ పేరు తెలిసినవాళ్ళం ఇద్దరమే అన్నాడు. నువ్వంటే ఇంట్లోదానివి, లెక్కలోకి రావు అన్నాడు.

చిన్నోడు ఎక్కడున్నా పాత మెషిన్ల ప్రకటనలు చూడకుండా ఉండలేడట. రమ్మంటే రాడట, పౌరుషం. కానీ అలాంటి ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా కూడా ఉండలేడట. ఏడాదిగా ఈయన సరుకు అమ్మడం లేదు. తమ్ముణ్ణి పిలుస్తున్నాడు. ఈ ముక్క నాకు ముందే చెబితే ఏం పోయేది.

వాడు బతికే ఉన్నాడు, ఈ ఊళ్ళోనే ఉన్నాడేమో అని చెప్పి నా పొట్ట మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆయన జుట్టు నిమురుతూ పడుకున్నాను. చెప్పలేకపోయాను.

జూన్ 23, సోమవారం

క్లినిక్‌కి వెళ్ళొచ్చాడు. నేను దొరికిపోయాననుకున్నాను. ఆ స్నేహితుడు పని మీద ఎక్కడికో వెళ్ళాడట, రావడానికి కొన్నాళ్ళు పడుతుందట. హుషారుగానే చెప్పాడు. పళ్ళ డాక్టరు ఇచ్చిన మాట మీద ఇంకా నిలబడ్డాడన్నమాట. అతన్ని తిట్టుకోవాలో దండం పెట్టుకోవాలో తెలియలేదు.

జూన్ 25, బుధవారం

కొత్త దిండు కొన్నాడు. ఒక జత చెప్పులు కూడా. చిన్నోడి కాలి సైజు గుర్తుందట. హాల్లో బల్ల కాస్త జరిపితే వాడి పక్క పడుతుందా అని నన్నే సలహా అడుగుతాడు. పడుతుంది అన్నాను. ఇంకేమంటాను.

జూన్ 27, శుక్రవారం

బీపీ మళ్ళీ పెరిగింది. మనసులో ఏమైనా పెట్టుకున్నావా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. మా ఆయన పక్కనే నిలబడి జోకులేస్తున్నాడు.

నర్సుకు మాత్రం చెప్పాను. ఇప్పుడు నోరు విప్పకు, కాన్పయ్యాక చూసుకోవచ్చు అంది. అప్పటిదాకా ఆ చెప్పుల జత చూస్తూ పడుకోవాలి.

జూన్ 28, శనివారం

గది ఖాళీ. తలుపు బార్లా. ఊపిరాడటం లేదు.

జూన్ 30, సోమవారం

చెప్పేశాను. కొత్త దిండుకి గలీబు వేస్తున్నాడు. పేరు నేనే చెప్పాను, స్నేహితుణ్ణీ నేనే పుట్టించాను, మీ తమ్ముణ్ణి ఎవరూ చూడలేదు అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను.

తెలుసు అన్నాడు. గలీబు వేస్తూనే ఉన్నాడు.

క్లినిక్‌కి వెళ్ళిన రోజే తెలిసిందట. పళ్ళ డాక్టరు కాసేపు నీళ్ళు నమిలి, చివరికి అంతా కక్కేశాడట. సరుకు వెనక్కి పంపిస్తానని చేతులు పట్టుకున్నాడట. ఈయనకు ఈ తలుపు గుర్తొచ్చి వద్దన్నాడట.

మరి దిండెందుకు, చెప్పులెందుకు అన్నాను. నీకు ఏ షాకూ ఇవ్వొద్దన్నారు, నాకు తెలిసిపోయిందని నీకు తెలిస్తే కుమిలిపోతావని ఊరుకున్నాను అన్నాడు. నీ ఆశ చంపలేక నేను నోరు మూసుకున్నాను అన్నాను. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆయనా ఏడ్చాడు.

నా మీద కోపం లేదా అని అడిగాను. ఉంది, చాలా ఉంది, కాన్పయ్యాక పోట్లాడదాం అన్నాడు. పది రోజుల తర్వాత ఇవాళే నాకు కంటి నిండా నిద్ర పట్టేలా ఉంది.

జులై 2, బుధవారం

తాతనొక్కడినైనా తెచ్చుకో, ఒక్కడు ఈ గదికి బరువు కాడు అన్నాను. వద్దన్నాడు. అక్కడ పిల్లలు దాని ముందు ఏడవకుండా కూర్చుంటున్నారట. అప్పుడే కొత్త పేరు కూడా పెట్టేశారట, పళ్ళ టీవీ అని.

బాధ మెషిన్ల గురించి కాదు అన్నాడు. అమ్ముడుపోయింది కదా అని ప్రకటన తీసేశాను, ఇప్పుడు చిన్నోడు వెతికినా కనపడటానికి ఏముంది అన్నాడు. ఆ మాట అని లేచి వెళ్ళి సోల్డరింగ్ మొదలుపెట్టాడు. హాలు తలుపు వేయడం మాత్రం మరిచిపోలేదు.

జులై 4, శుక్రవారం

ప్రకటన మళ్ళీ పెట్టాం. ఫొటో పాతదే, ప్రశ్నా పాతదే. అమ్మడానికి ఇంట్లో ఏమీ లేదు.

ఈసారి నంబర్లు రెండు ఇచ్చాం. రెండోది నాది. నేనెలాగూ ఎక్కడికీ వెళ్ళను.